ఎడారి నగరంలో వామన వృక్షం: ఆకలిగొన్న అతిథుల నుండి రక్షణ

దుబాయి నగరంలో ఖోర్ అని పిలువబడే సముద్రపు పాయకు ఒక ఒడ్డున విస్తరించిన దేరా ప్రాంతంలో నైఫ్ ఒక పాత పేట. 1939లో నిర్మించిన నైఫ్ కోట, 1956లో దుబాయి పోలీసు వ్యవస్థకు తొలి స్థావరమైంది. 2008లో అగ్నికి ఆహుతియై మరల నిర్మితమైన నైఫ్ సూక్, ఇరుకు వీధులు, క్రింద దుకాణాలు, పైన అంతస్తులు, ప్రతి గోడకూ వేలాడే ఎయిర్ కండిషనర్లు – ఇదీ ఆ పేట స్వరూపం. ఇక్కడ నేల అంగుళమైనా ఖాళీగా ఉండదు. కావున తోట అన్నది నేలమీద గాక బాల్కనీలోనో, మిద్దె మీదనో, కిటికీ గట్టు మీదనో వెలుస్తుంది. తెలుగు కుటుంబం ఉన్నచోట తులసి, కరివేపాకు, మల్లె కుండీలు ఉండనే ఉంటాయి. ఓపికా అభిరుచీ ఉన్నవారి ఇండ్లలో వాటి సరసన మర్రి, జువ్వి, కాగితపు పూల చెట్టు, ఎడారి గులాబి వంటివి వామన వృక్షాలుగా రూపుదిద్దుకొంటాయి. జపాను భాషలో వీటికే బోన్సాయ్ అని పేరు.

ఇంత ఎత్తున, ఇంత రద్దీలో, చుట్టూ ఎడారి ఉండగా ఈ చిన్న చెట్టుకు శత్రువులెక్కడివని అనిపించవచ్చు. కాని ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో చిగుళ్ళు పోగొట్టుకోవడం, మట్టి చెల్లాచెదరై వేళ్ళు బయటపడడం, మొదట బెరడు ఒలిచి ఉండడం నగరాలలో కుండీలు పెంచేవారికి తెలిసిన అనుభవమే. ఆ కోపంలో కొందరు విషాన్ని ఆశ్రయిస్తారు. గోడకు గోడ ఆనుకొని కుటుంబాలు నివసించే నైఫ్ వంటి పేటలో ఆ విషం చెట్టు దగ్గరే ఆగిపోదు. కావున చెట్టును కాపాడుకోవడం ఎలాగన్న ప్రశ్నకు జీవశాస్త్రం ఏమి సమాధానం చెబుతుందో తెలుసుకోవడం అవసరం.

చిన్న చెట్టుకు పెద్ద గాయం

వామన వృక్షం ప్రత్యేకమైన జాతి కాదు. మర్రి విత్తనం నుండి మొలిచిన మొక్కనే లోతు తక్కువ కుండీలో నాటి, వేళ్ళను, కొమ్మలను క్రమంగా కత్తిరిస్తూ, తీగ చుట్టి వంపులు తీరుస్తూ పెంచితే అది వామన మర్రి అవుతుంది. అదే మొక్కను నేలలో పాతితే మరల మహావృక్షమే కాగలదు. ఈ కళ చైనాలో పుట్టి జపానులో పరిణతి చెందింది. చైనాలో క్రీ.శ. 706 నాటి ఒక రాకుమారుని సమాధి గోడలపై, చిన్న చెట్లున్న పళ్ళెరాన్ని చేతపట్టుకొన్న పరిచారకుల చిత్రం ఉంది. 1625 నుండి శిక్షణలో ఉన్నట్లు లెక్కించే ఒక తెల్ల పైను వామన వృక్షం, 1945లో హిరోషిమాపై అణుబాంబు పడిన నాడు కూడా బ్రతికి బయటపడి, 1976లో జపాను ప్రజల కానుకగా అమెరికా చేరింది. అది నేటికీ వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ ప్రదర్శనశాలలో ఉంది.

అణుబాంబును తట్టుకొన్న చెట్టు కూడా ఎలుక పళ్ళకు లొంగిపోవచ్చు. దీనికి కారణం చెట్టు శరీర నిర్మాణంలో ఉంది. వేళ్ళు పీల్చిన నీరు దారువు అనే లోపలి కణజాలం ద్వారా పైకి పోతుంది. ఆకులు తయారుచేసిన చక్కెర మాత్రం బెరడుకు ఆనుకొని ఉన్న పోషక కణజాలం ద్వారా క్రిందికి దిగుతుంది. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు మార్సెల్లో మాల్పీజీ కాండం చుట్టూ ఉంగరం వలె బెరడు తొలగించి చూడగా, గాయానికి పైభాగం ఉబ్బింది. పైనుండి దిగవలసిన ఆహారం అక్కడ ఆగిపోయిందన్నమాట. ఎలుక బెరడును చుట్టూ కొరికినప్పుడు జరిగేది ఇదే. ఆకులు కొంతకాలం పచ్చగానే ఉంటాయి; వేళ్ళు మాత్రం పస్తుండి చనిపోతాయి. యజమాని గ్రహించేసరికి సమయం మించిపోతుంది.

ఆకుల సంగతీ అంతే. పెరటి మర్రికి ఉన్న లక్షల ఆకులలో పది పోతే లెక్కలోనికి రాదు. నలభై ఆకులున్న వామన మర్రికి పది ఆకులు పోవడమంటే ఆహారం వండే వంటశాలలో నాలుగవ వంతు మూతపడడమే. ఇక కొమ్మకొన విరిగితే, ఆ ఆకృతిని మరల తెచ్చుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది.

ఒయాసిస్సుకు వచ్చే అతిథులు

వేసవిలో దుబాయి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు. ఏడాది పొడవునా కురిసే వాన సగటున 100 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కలే. అటువంటి చోట రోజూ నీరు పోసే కుండీ ప్రాణుల దృష్టిలో ఒక చిన్న ఒయాసిస్సు. అందులో తేమ ఉంది, నీడ ఉంది, లేత ఆకు ఉంది, మట్టిలో పురుగు ఉంది. క్రింద వీధిలోని తినుబండారాల దుకాణాలు, చెత్తతొట్లు మిగతా ఆహారాన్ని సమకూరుస్తాయి. ఒక ప్రాణికి కావలసిన అన్నం, నీరు, గూడు, దాక్కొనే చోటు – ఈ నాలుగూ ఒకేచోట దొరుకుతున్నప్పుడు అది రాకపోవడమే వింత.

ఈ అతిథులలో ఎక్కువ భాగం తెలుగువారికి చిరపరిచితులే. గోరింక, పిగిలిపిట్ట, రామచిలుక – ఈ మూడూ భారత ఉపఖండం నుండి మనుషులు పంజరాలలో తెచ్చిన పక్షుల సంతతి. తప్పించుకొనో, విడువబడియో ఎమిరేట్లలో స్థిరపడ్డాయి. కాకి ఓడల మీద సముద్రం దాటి వచ్చింది. పిచ్చుక, పావురం, గువ్వ మనిషి ఉన్న ప్రతి చోటా ఉండేవే. ఓడరేవు నగరాలన్నింటిలాగే ఇక్కడా నల్ల ఎలుక, గోధుమరంగు ఎలుక, చిట్టెలుక ఉన్నాయి. వీధిపిల్లులకు కొదువలేదు. ఒక విధంగా చూస్తే నైఫ్ బాల్కనీకి వచ్చే గోరింక కూడా ప్రవాసియే.

ఎవరు వచ్చారో ఎలా తెలుస్తుంది?

రక్షణలో మొదటి మెట్టు దోషిని గుర్తించడం. పావురానికి వేసిన వల చిట్టెలుకను ఆపదు. ఎలుకకు పెట్టిన బోను గొంగళిపురుగును పట్టదు. ప్రతి ప్రాణీ తన పని గుర్తును వదలిపోతుంది.

లేత కొమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్లు నున్నగా తెగి ఉంటే అది ఎలుక జాతి పళ్ళ పని. ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి గట్టి వస్తువులను కొరకక తప్పదు. బెరడుపై జంట గీతలు, కుండీ ప్రక్కన బియ్యపుగింజలంతటి నల్లని రెట్టలు ఉంటే సందేహమే అక్కరలేదు. ఆకు అంచు త్రికోణాలుగా చీలి, చిగుళ్ళు తుంచి క్రింద పడి ఉంటే అది పక్షి ముక్కు. మట్టిపైన పరచిన నాచు, పీచు పీకి చెల్లాచెదరు చేసి ఉంటే పురుగుల కోసమో గూటి సామగ్రి కోసమో గోరింకలు, పావురాలు వచ్చి ఉంటాయి. మట్టిని గుంట తవ్వి మరల కప్పి, దుర్వాసన వస్తుంటే అది పిల్లి. ఆకులో గుండ్రని కోతలు పడి, క్రింద నల్లని చిన్న ఉండలు రాలి ఉంటే గొంగళిపురుగు ఆ చెట్టు మీదనే ఉందని అర్థం. ఆకు జిగటగా మెరుస్తూ, కాండం వెంట చీమలు బారులు తీరితే పిండినల్లి గాని, పేనుబంక గాని చేరిందన్నమాట.

ఇతర దేశాల తెలుగు కుటుంబాలకు ఈ జాబితా మారుతుంది. అమెరికాలో జింక, కుందేలు, బూడిదరంగు ఉడుత ముఖ్యులు. జింకకు పై దవడన ముందుపళ్ళు లేవు. కావున అది కొమ్మను కోయలేక పీకుతుంది, తెగినచోట పీచులు వేలాడుతాయి. కుందేలు కోత నున్నగా ఉంటుంది. ఈ ఒక్క తేడాను బట్టి కంచె ఎంత ఎత్తుండాలో నిర్ణయించుకోవచ్చు.

ఆహ్వానపత్రిక ఎవరు పంపారు?

తెలుగింటి అలవాట్లలో కొన్ని తెలియకుండానే అతిథులను పిలుస్తాయి. వేరుసెనగ చెక్క, ఎముకల పొడి, చేపల ఎరువు మొక్కకు బలమే. కాని వాటి వాసన ఎలుకకూ, పిల్లికీ, కాకికీ భోజనపు పిలుపు. ఎరువును మట్టిపైన చల్లి వదలక, లోపలికి కలిపి పైన ముతక ఇసుక కప్పాలి. బాగా మాగిన ఎరువుకు వాసన తక్కువ. ఆముదపు చెక్కలో రిసిన్ అనే తీవ్రమైన విషం ఉండే అవకాశం ఉన్నందున పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంటి బాల్కనీలో అది తగదు. బియ్యం కడిగిన నీరు పోయడంలో తప్పు లేదు గాని అందులో మెతుకులు, గింజలు ఉండరాదు.

ధాన్యపు కంకులను కుచ్చుగా కట్టి పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీయడం తెలుగు పల్లెల సంప్రదాయం. కాకికి ముద్ద పెట్టడమూ అంతే. ఈ భూతదయ గొప్పదే. కాని పల్లెలో విశాలమైన వాకిట జరిగే పని ఆరడుగుల బాల్కనీలో జరిగినప్పుడు ఫలితం వేరు. గింజలకు వచ్చిన పావురం అక్కడే గూడు కడుతుంది. దాని రెట్ట ప్రక్క ఫ్లాటు వారి బట్టలపై పడుతుంది. మిగిలిన గింజలకు రాత్రి ఎలుక వస్తుంది. కావున ఆహారం పెట్టడం, చెట్టు పెంచడం – ఈ రెండింటినీ ఒకే బాల్కనీలో కలపరాదు.

నీటి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కుండీ క్రింది పళ్ళెంలో నిలిచిన నీరు పక్షిని ఆకర్షించడమే గాక దోమను పెంచుతుంది. వెచ్చని వాతావరణంలో దోమ గుడ్డు నుండి రెక్కల దశకు వారం పది రోజులలోనే చేరుతుంది. పళ్ళాన్ని గులకరాళ్ళతో నింపి, నీటిమట్టం రాళ్ళకు దిగువన ఉంచితే గాలిలో తేమ మిగులుతుంది, దోమకు చోటు ఉండదు.

మిరపకారం రహస్యం

తెలుగువారికి మొదట తట్టే ఆయుధం మిరపకారం. ఇది కొందరు అతిథుల మీద పనిచేస్తుంది, కొందరి మీద పనిచేయదు. కారణం ఆసక్తికరమైనది. మిరపలోని క్యాప్సైసిన్ నాలుకపైని నరాల కొసలలో ఉండే టి.ఆర్.పి.వి.1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. నిజానికి ఆ గ్రాహకం పని వేడిని గుర్తించడం. అందుకే కారం తింటే మండినట్లు అనిపిస్తుంది. 1997లో దీనిని కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఎలుక, పిల్లి, మనిషి వంటి క్షీరదాలన్నింటికీ ఈ గ్రాహకం కారానికి స్పందిస్తుంది. పక్షులలోని గ్రాహకం మాత్రం వేడికి స్పందించినా క్యాప్సైసిన్‌కు స్పందించదు.

రామచిలుక పచ్చిమిరపకాయను జామపండులా ఆరగించడం తెలుగువారు తరతరాలుగా చూసిన దృశ్యం. దాని వెనుక ఉన్న శాస్త్రం ఇదే. ఇందులో మిరప మొక్కకు లాభం ఉంది. నమిలి తినే ఎలుక కడుపులో విత్తనం నశిస్తుంది. మింగే పక్షి కడుపు నుండి విత్తనం చెక్కుచెదరక దూరతీరాలకు చేరుతుంది. కావున కారం చల్లిన మట్టిని ఎలుక కొంతకాలం తప్పించుకొని పోవచ్చు, గోరింక మాత్రం నిశ్చింతగా తవ్వుతుంది. పైగా ఎత్తైన అంతస్తులలో గాలికి ఎగిరిన కారం క్రింది బాల్కనీలోని పసిపిల్లల కళ్ళలో పడే ప్రమాదం ఉంది. ఈ ఆయుధాన్ని వంటింటికే పరిమితం చేయడం మంచిది.

మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు, ప్లాస్టిక్ గుడ్లగూబలు పక్షులను కొద్ది రోజులే భయపెడతాయి. కదలని గుడ్లగూబ ఏమీ చేయదని పావురం త్వరలోనే నేర్చుకొంటుంది. మనిషి చెవికి వినబడని అతిధ్వనులు వెలువరించే పరికరాలు పక్షులకు పనికిరావు. అంత హెచ్చు పౌనఃపున్యం పక్షికీ వినబడదు.

అడ్డుగోడే అసలైన రక్ష

అన్ని పద్ధతులలోనూ నమ్మదగినది అడ్డుకట్ట. ఇక్కడ లెక్క అంతా వలకన్ను పరిమాణంలో ఉంది. పావురాన్ని ఆపడానికి 50 మిల్లీమీటర్ల కన్ను చాలు. గోరింకకు 28 మిల్లీమీటర్లు, పిచ్చుకకు 19 మిల్లీమీటర్లకు మించరాదు. చిట్టెలుక వేలు దూరేంత సందులోనుండి సైతం దూరగలదు. దానికి 6 మిల్లీమీటర్ల కన్ను గల జస్తాపూత ఇనుప జాలీ కావాలి. నైలాను వలను ఎలుక కొరికివేస్తుంది.

వలను బిగువుగా కట్టాలి. వదులుగా వేలాడే వలలో పక్షి కాలు చిక్కుకొని నరకయాతన పడుతుంది. రక్షణ కోసం కట్టినది ఉరిగా మారుతుంది. అద్దె ఇంట్లో బాల్కనీకి వల కట్టే ముందు భవన యాజమాన్యం అనుమతి తీసుకోవాలి. అది కుదరనప్పుడు చెట్టు ఒక్కదానికే సన్నని చెక్క చట్రం చేసి, నాలుగు వైపులా, పైన జాలీ బిగించి పంజరంలా అమర్చుకోవచ్చు. ఇక్కడ పంజరం లోపల ఉండేది చెట్టు, బయట ఉండేది చిలుక. ఆ చట్రంపై వెలుతురును సగానికి తగ్గించే పచ్చని నీడవల కప్పితే వేసవి ఎండ నుండి కూడా కాపు దొరుకుతుంది. ఇనుప జాలీ ఎండలో కాలుతుంది గనుక ఆకులకు తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉంచాలి.

మట్టిపైన గోలీలంత గులకరాళ్ళు పరిస్తే పిల్లికి తవ్వడానికి వీలుండదు, గోరింకకు పురుగు అందదు. పిల్లి మలినం ఉన్న మట్టిలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు. గర్భవతులు ఆ మట్టిని ముట్టరాదు. మిగిలినవారు చేతితొడుగులు ధరించాలి. ఎండిన పావురపు రెట్టను చీపురుతో ఊడ్చరాదు. ముందుగా నీటితో తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకొని తుడవాలి. ఆ ధూళిలో ఊపిరితిత్తులకు హాని చేసే సూక్ష్మజీవులుంటాయి.

కుండీని బాల్కనీ పిట్టగోడ మీద పెట్టడం అన్నింటికంటె ప్రమాదకరం. పక్షి వాలినా, గాలి వీచినా అది క్రింది వీధిలో నడిచే మనిషి తలపై పడుతుంది. అలాగే పిల్లలు ఎక్కి నిలబడగల బల్లను, పెద్ద కుండీని రైలింగు ప్రక్కన ఉంచరాదు. ఏ చెట్టూ బిడ్డ ప్రాణానికి సాటి రాదు.

ఆరు కాళ్ళ అతిథులు

వలకు చిక్కనివి పురుగులు. కరివేపాకు, నిమ్మ జాతి వామన వృక్షాలపై నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకుకు ఒక్కొక్క గుడ్డు చొప్పున పెట్టిపోతుంది. పుట్టిన గొంగళిపురుగు తొలిదశలో అచ్చం పిట్టరెట్టలా గోధుమ, తెలుపు మచ్చలతో ఉంటుంది. పక్షి దానిని ఆహారమనుకోదు. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకులలో కలిసిపోతుంది. ముట్టుకొంటే తలవెనుక నుండి కొమ్ముల వంటి అవయవం చాచి ఘాటైన వాసన వదులుతుంది. నాలుగైదు పురుగులు చిన్న చెట్టును రెండు మూడు రోజులలో మోడు చేయగలవు. రోజూ ఉదయం ఆకుల అడుగున చూసి చేతితో ఏరివేయడమే చాలు. పిల్లలకు ఆసక్తి ఉంటే ఒక సీసాలో కరివేపాకు రెమ్మలు వేసి ఆ పురుగును పెంచి, సీతాకోకచిలుకగా మారిన తరువాత విడిచిపెట్టవచ్చు. ఏ పుస్తకమూ చెప్పలేనంత జీవశాస్త్రాన్ని ఆ సీసా చెబుతుంది.

పిండినల్లి విసర్జించే తీపి రసం కోసం చీమలు దానిని ఆవుల మందలా కాపాడుతాయి. దాని శత్రువైన అక్షింతల పురుగును తరిమివేస్తాయి. కావున ముందుగా చీమ దారిని ఆపాలి. కుండీ కాళ్ళను సబ్బునీటి గిన్నెలలో ఉంచడం పాత పద్ధతే గాని పనిచేస్తుంది. దోమ పుట్టకుండా ఆ నీటిని తరచుగా మార్చాలి. ఎమిరేట్లలో సంసుం చీమ అనే నల్లని చీమ ఉంది. తడిమట్టిని అది ఇష్టపడుతుంది. దాని కాటు కొందరిలో ప్రాణాపాయకరమైన ఎలర్జీని కలిగిస్తుంది. కుండీ మట్టిలోనికి ఉత్తచేతులు పెట్టరాదనడానికి ఇది మరొక కారణం.

పురుగులకు వేపనూనె మంచి మందు. 1959లో సూడానులో మిడతల దండు పచ్చనిదల్లా తినివేయగా వేపచెట్లు మాత్రం ఆకులతో నిలిచి ఉండడాన్ని జర్మనీ కీటకశాస్త్రజ్ఞుడు హైన్రిచ్ ష్ముట్టరర్ గమనించారు. ఆ పరిశీలన వేపపై ఆధునిక పరిశోధనలకు ఊపునిచ్చింది. వేపగింజలోని అజాడిరక్టిన్ పురుగుకు తిండిపై విముఖత కలిగించి, దాని ఎదుగుదలను అడ్డుకొంటుంది. లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలం మాత్రమే చల్లాలి; ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. ఇంటి గోడ మీది బల్లి కూడా ఈ పనిలో జీతం లేని సహాయకుడే.

విషం ఎందుకు వద్దు?

ఎలుకల మందులలో ఎక్కువ భాగం రక్తాన్ని గడ్డకట్టనీయకుండా చేసేవి. వాటిని తిన్న ఎలుక వెంటనే చావదు; కొన్ని రోజులు తిరుగుతుంది. దానిని తిన్న పిల్లికి, పక్షికి కూడా ఆ విషం సంక్రమిస్తుంది. చివరకు ఎలుకలను తినే ప్రాణులే తగ్గిపోతాయి.

ఇంతకంటె ఘోరమైనది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. ధాన్యపు గోదాములలో పురుగులను చంపడానికి వాడే ఈ బిళ్ళ గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీన్ అనే వాయువును వెలువరిస్తుంది. ఆ వాయువు పైపుల సందుల నుండి, ఎయిర్ కండిషనరు మార్గాల నుండి, తలుపు క్రిందినుండి ప్రక్క ఇంటికి ప్రాకుతుంది. ఎమిరేట్లలో ఒక ఫ్లాటులో దొంగచాటుగా వాడిన ఈ బిళ్ళల వలన ప్రక్క ఫ్లాటులో నిద్రిస్తున్న పసిపిల్లలు మరణించిన ఉదంతాలు ఒకటి కంటె ఎక్కువ జరిగాయి. లేబుల్ లేని పొట్లాలలో దొరికే ఏ మందునూ ఇంటిలోనికి తీసుకురారాదు. ఎలుకల బెడద హెచ్చుగా ఉంటే భవన కాపలాదారునికి తెలియజేసి, మునిసిపాలిటీ అనుమతి పొందిన సంస్థ చేతనే నివారణ చేయించాలి. కుండీ దగ్గర కావలసినంత వరకు బోను చాలు.

గూడు కట్టిన తరువాత

పావురం కుండీలో రెండు పుల్లలు పెట్టిన నాడే వాటిని తీసివేయడం సులభం. గుడ్లు పెట్టిన తరువాత కష్టం. సాధారణంగా అది రెండు గుడ్లు పెడుతుంది. పొదగడానికి 17, 18 రోజులు, పిల్లలు ఎగరడానికి మరొక నెల పడుతుంది. ఆ దశలో గూటిని విసిరివేయడం చాలమందికి మనసొప్పని పని. చెట్టుకు ముప్పు లేకుంటే ఆ ఏడు వారాలు ఓర్చుకొని, పిల్లలు ఎగిరిన నాడే ఆ చోటును శుభ్రం చేసి వల కట్టాలి. ఆలస్యం చేస్తే అదే జంట అక్కడే మరల గుడ్లు పెడుతుంది.

సెలవులకు ఊరు వెళ్ళేటప్పుడు

ప్రవాస కుటుంబాల చెట్లకు గండకాలం జూలై, ఆగస్టు నెలలు. బడులకు సెలవులు, ఇంటికి తాళం, బయట మండుటెండ. మనిషి అలికిడి లేని బాల్కనీ పావురాలకు స్వేచ్ఛాస్థలం. బయలుదేరడానికి రెండు వారాల ముందే వలలు సరిచూసి, ఎరువు వేయడం మాని, రాలిన ఆకులు తీసివేసి, చెట్లన్నింటినీ నీడ ఉన్న మూలకు చేర్చాలి. లోతు తక్కువ కుండీ ఈ ఎండలో ఒక్కరోజు నీరు లేకున్నా నిలువదు. కావున నీరు పోసే మనిషి ఎవరో ముందే కుదుర్చుకోవాలి. తాళంచెవి అందుకొన్న ఇరుగుపొరుగు వారికి నీటి సంగతితో పాటు పైన చెప్పిన గుర్తులను కూడా ఒక కాగితంపై వ్రాసి ఇవ్వడం ఉపయోగకరం.

ఏ చెట్టు మేలు?

ఎడారి గులాబి అరేబియా దక్షిణ భాగాలలో సహజంగా పెరిగే మొక్క. ఎండను తట్టుకొంటుంది, లావైన మొదలుతో పెంచకుండానే వామన వృక్షంలా ఉంటుంది. దాని పాలు గుండెపై పనిచేసే విషం. ఆఫ్రికాలో కొన్ని తెగలవారు బాణాలకు పూసేవారు. కావున జంతువులు దాని జోలికి పోవు. అదే కారణం చేత పసిపిల్లలకు అందనీయరాదు. ఇంతటి విషాన్ని సైతం గన్నేరు చిలుక అనదగిన ఒక పెద్ద రెక్కల పురుగు పిల్లలు సుఖంగా తిని జీర్ణించుకొంటాయి. ప్రకృతిలో ఏ కోటా అభేద్యం కాదు.

తెలుగువారికి ఆత్మీయమైన మరొక చెట్టు ఉంది. ఎమిరేట్ల జాతీయ వృక్షమైన గాఫ్, తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి – ఈ రెండూ ఒకే జాతి. దసరా నాడు ఆకును బంగారంగా పంచుకొనే ఆ చెట్టే ఇక్కడ ఒంటెకు మేత, బాటసారికి నీడ. దానిని ఎడారి నుండి పెకలించి తేవడం తగదు. విత్తనం నుండో, నర్సరీ మొక్క నుండో పెంచుకోవాలి. చిన్న ముళ్ళు, సన్నని ఆకులు, కరవును ఓర్చుకొనే స్వభావం ఉన్న ఈ చెట్టు కుండీలో నిదానంగా ఎదుగుతుంది. సొంత ఊరి నుండి పెట్టెలో మొక్కను తెచ్చుకోవాలనుకొనేవారు మాత్రం ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తేరాదు; కరివేపాకు రెమ్మపై కంటికి ఆనని పురుగు నిమ్మతోటల తెగులును మోసుకొని దేశాలు దాటగలదు.

జమ్మి నైఫ్ బాల్కనీలో ఉన్నా, నిజామాబాదు పొలం గట్టున ఉన్నా దాని చిగురును కోరే ప్రాణి ఒకటి ఉంటూనే ఉంటుంది. ఆ ప్రాణి ఆకలిని తప్పుపట్టలేము. తెలివైన పెంపకందారు చేయవలసినది మూడే పనులు: వచ్చినదెవరో గుర్తించడం, పిలుపును ఆపడం, దారికి అడ్డు కట్టడం. ఈ మూడూ సక్రమంగా చేసిన ఇంట విషపు పొట్లానికి పని ఉండదు.